అరికాలు చూసే పిన్నిగారు

పిన్నిగారు పోయారు. ఆషాఢం ఆఖరి వారంలో, పొద్దున్నే దీపం పెట్టి లేస్తూ ఉండగా బాబాయిగారి ఫోను వచ్చింది.

"అమ్మా, మీ పిన్ని వెళ్ళిపోయింది. పాదాలకి పసుపు నువ్వే రాయాలని చెప్పింది. కాస్త తొందరగా రా," అన్నారు. ఆయన గొంతులో ఏడుపు లేదు. ఇంటికి ఎవరో వచ్చారని చెప్పినట్టు చెప్పారు. బహుశా ఆవిడ చెప్పమన్న మాట మరిచిపోకుండా చెప్పాలన్న ధ్యాసే ఆయన్ని నిలబెట్టి ఉంటుంది.

జనక్‌పురిలో మా బ్లాకుకీ వాళ్ళ బ్లాకుకీ మధ్య ఒక పార్కు, ఒక పాల బూతు. నేను వెళ్ళేసరికి ఆవిడని ముందు గదిలో పడుకోబెట్టారు. పసుపు కుంకాలతో వెళ్ళింది, పుణ్యాత్మురాలు అని వచ్చిన వాళ్ళంతా అంటున్నారు. అందరూ ముఖం చూస్తున్నారు. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కుడి పాదం మామూలుగానే ఉంది. ఎడమ పాదానికి మడమ దగ్గర, తొడ నుంచి తీసి అతికించిన చర్మం, మిగతా కాలి రంగులో కలవకుండా పల్చగా, నున్నగా ఉంది. పసుపు అక్కడ నిలవలేదు, జారిపోయింది. ఇంకాస్త చిక్కగా కలిపి మళ్ళీ రాశాను.

ఆ మడమ గురించే ఇప్పుడు రాస్తున్నాను. ఆవిడ ఉంటే, "నా గురించి రాయడానికేముందే, మడమ గురించి రాయి, నలుగురికి పనికొస్తుంది," అనేవారు.

ఆవిడ నాకు సొంత పిన్ని కాదు. పెళ్ళయి ఢిల్లీ వచ్చిన కొత్తలో సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో మా ఎదురింట్లో ఉండేవారు. మొదటిరోజు నేను "ఆంటీ" అని పిలిస్తే గుమ్మంలోనే ఆపేశారు.

"ఆంటీ అంటే ఏ వైపు బంధుత్వం? ఈ ఊళ్ళో కూరలబండి వాడు కూడా ఆంటీ అనే అంటాడు. నువ్వు పిన్నీ అని పిలువు. కాఫీ ఇస్తాను."

పిన్నీ అన్నాను. కాఫీ ఇచ్చారు. తర్వాత వాళ్ళూ మేమూ ఒకరి వెనక ఒకరం జనక్‌పురి చేరాం. ఇల్లు మారినా ఆ పిలుపు మారలేదు. ఆవిడది గోదావరి జిల్లా. ఇన్నేళ్ళు ఢిల్లీలో ఉన్నా హిందీలో ఆడమగా తేడా తెలియలేదు. పాలవాడితో కూడా ఆడపిల్లతో అన్నట్టు "తుమ్ కల్ క్యోం నహీ ఆయీ?" అనేవారు. వాడు నవ్వుతూ "కల్ బీమార్ థీ, మాతాజీ," అని ఆవిడ భాషలోనే జవాబు చెప్పేవాడు.

ఢిల్లీలో చలికాలం ఎండ అంటే పండగ. పొద్దెక్కేసరికి డాబా మీద చాపలు వేసుకుని, బఠాణీ కాయలు ఒలుచుకుంటూ, కాళ్ళు ఎండలోకి చాపుకుని కూర్చునేవాళ్ళం. అలా ఓ రోజు కూర్చున్నప్పుడు ఆవిడ ఎడమ మడమ కింద మినపగింజంత నల్లమచ్చ కనబడింది.

"ఇదెప్పటిది పిన్నిగారూ?" అన్నాను.

"ఏమో, మొన్నటిదాకా లేదు. కాటుక అంటిందేమోనని సబ్బు పెట్టి రుద్దాను. పోలేదు."

మా తెలుగువాళ్ళలో పెద్దావిడ ఒకరు ఉన్నారు. నేను పెద్దమ్మగారు అంటాను, పిన్నిగారు అక్కయ్యగారు అనేవారు. మచ్చల ఫలితాలు చెప్పడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

"అరికాలి మచ్చే! అదృష్టవంతురాలివి. ఈ మచ్చ ఉన్నవాళ్ళ కాలు ఒకచోట నిలవదు. దేశాలు తిరుగుతావు చూడు."

పక్కన పేపరు చదువుకుంటున్న బాబాయిగారు తల ఎత్తారు. "ఇరవై ఏళ్ళు సరోజినీ నగర్‌లో ఉండి ఆ బట్టల మార్కెట్ దాటి రాలేదు ఈవిడ. ఎక్కడికి రమ్మన్నా మోకాళ్ళ నొప్పులనేది. దేశాల సంగతి తర్వాత. ముందు ఆ మచ్చని నన్ను కరోల్ బాగ్ దాకా తీసుకెళ్ళమనండి."

"మిమ్మల్ని తీసుకెళ్తుందని ఎవరన్నారు? మచ్చ నా కాలికి వచ్చింది," అన్నారు పిన్నిగారు. అందరం నవ్వాం.

నవ్వులాటకి అన్న మాట ఆవిడకి నిజంగానే నచ్చింది. పెళ్ళయిన నాటినుంచీ వంట, మరిది చదువు, అత్తగారి మంచం, మామగారి మందులు. అవన్నీ అయ్యాక ఇప్పుడు దేవుడే కాలికింద ముద్ర వేసి వెళ్ళమన్నాడని అనుకున్నారు. మెట్రో మా వైపు కొత్తగా వచ్చిన రోజులవి. నన్ను వెంటబెట్టుకుని రైలు చూడ్డానికి వెళ్ళారు. ఎస్కలేటర్ ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. అక్కడున్న గార్డు, "మాతాజీ, చప్పల్ పహన్ లీజియే, మందిర్ నహీ హై," అన్నాడు. రైలెక్కి కూర్చున్నాక నా చెవిలో, "చూశావా, మచ్చ పనిచేస్తోంది," అన్నారు.

ఆ తర్వాత హరిద్వార్ వెళ్ళారు. మథుర వెళ్ళారు. ఆవిడ మనసంతా బదరీ మీద ఉంది. బతికుండగా ఒక్కసారి బదరీనాథుడి ముందు నిలబడాలి, అదీ తన కాళ్ళ మీద నడిచి వెళ్ళి నిలబడాలి, అంతే కోరిక. మచ్చ కూడా పెరిగింది. మినపగింజ చింతగింజంత అయింది. అంచులు గుండ్రంగా లేవు, కాగితం మీద సిరా ఒలికి పాకినట్టు ఉన్నాయి. ఒకచోట కారునలుపు, ఒకచోట గోధుమరంగు, ఒకచోట నీలం. పెద్దమ్మగారు చూసి, "మచ్చ పెరిగిందంటే యోగం పెరిగినట్టే," అన్నారు. మాలో ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. నొప్పి లేదు, దురద లేదు. నొప్పి లేనిదాన్ని రోగమని ఎవరనుకుంటారు?

బదరీ వెళ్ళారు. గుడి చుట్టూ ఆ చల్లని రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో ప్రదక్షిణ చేశారు. తిరిగి బసకి వచ్చి తెల్ల మేజోడు తొడుక్కుంటే మడమ దగ్గర రక్తం. రాయి గీరుకుందనుకున్నారు. ఇంటికొచ్చాక పసుపూ కొబ్బరినూనే రాశారు. మానలేదు. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే ఆనెకాయ అన్నారు, దాని మీద అంటించే పట్టీ ఇచ్చారు. పట్టీ తీసినప్పుడల్లా రక్తం. చివరికి బాబాయిగారూ నేనూ కలిసి ఆవిడని పెద్దాసుపత్రి చర్మవిభాగానికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. కాలు తన ఒళ్ళో పెట్టుకుని, భూతద్దంతో చాలాసేపు చూసింది.

"మాతాజీ, యే తిల్ కబ్ సే హై?"

"రెండు మూడేళ్ళయింది. బహుత్ లక్కీ తిల్ హై డాక్టర్‌జీ. దీనివల్లే బదరీ వెళ్ళొచ్చాను," అన్నారు పిన్నిగారు, సంతోషంగా.

డాక్టరమ్మ నవ్వలేదు. ముక్క తీసి పరీక్షకి పంపింది. ఆ ఫలితం వచ్చిన రోజు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. నేను పదో తరగతి వరకే చదివాను. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

మన చర్మం పై పొర అడుగున రంగు తయారుచేసే కణాలు ఉంటాయట. మనం చామనచాయగా ఉన్నా నల్లగా ఉన్నా వాటి చలవే. ఎండ నుంచి ఒంటిని కాసేదీ ఆ రంగే. ఎప్పుడో, ఎందుకో, ఆ కణాల్లో ఒకటి అదుపు తప్పి అక్కరలేకుండా పెరగడం మొదలుపెడుతుంది. చర్మానికి వచ్చే కాన్సర్లు కొన్ని రకాలుంటే వాటిలో ఇదొకటి, మొండి రకం. దీని పేరు మెలనోమా. పైకి చిన్న మచ్చలా కనబడుతూనే లోపలికి దిగుతుంది. లోపల గజ్జల్లో గ్రంథులున్నాయి, రక్తనాళాలున్నాయి. వాటిని పట్టుకుని ఇంకో చోటికి పోయి అక్కడ మొలుస్తుంది.

"పేరు వింటే ఆడపిల్ల పేరులా ఉంది," అన్నారు పిన్నిగారు నాతో తెలుగులో.

బాబాయిగారు అడిగారు. "ఎండలో తిరిగే తెల్లవాళ్ళకి కదా చర్మం కాన్సర్ వచ్చేది?"

"వాళ్ళకి ఎక్కువ. మన రంగు వాళ్ళకి చాలా అరుదు, అంకుల్. కానీ వచ్చినప్పుడు చాలాసార్లు అరికాల్లోనో, అరచేతిలోనో, గోటి కిందో వస్తుంది. ఎవరూ చూడని చోట."

"నొప్పే లేదు కదమ్మా," అన్నారు పిన్నిగారు.

"నొప్పి ఉంటే మీరు ఇన్నాళ్ళు ఊరుకునేవారా మాతాజీ? మచ్చకి నొప్పి ఉండక్కర్లేదు. నడివయసు దాటాక కొత్తగా మచ్చ రావడం, ఉన్న మచ్చ పెరగడం, అంచు చెదరడం, రంగులు కలగాపులగం అవడం, మానని పుండు... ఇందులో ఏ ఒక్కటి కనబడినా చూపించుకోవాలి. చాలా మచ్చలు ఉత్త మచ్చలే. అది చెప్పాల్సింది మేము."

పిన్నిగారు చెప్పులోకి కాలు దూర్చుకున్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఉత్త కాళ్ళతో గుడి చుట్టూ తిరిగినందుకు వచ్చిందా? నేనేమైనా తప్పు చేశానా?"

"లేదు. ఎందుకొచ్చిందో మాకే పూర్తిగా తెలియదు. మీరు చేసిన తప్పేం లేదు."

ఆ మాట ఆవిడ అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నారు. ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలో, "తప్పేం లేదటే," అన్నారు. ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం వెలిగించి, ఆ విగ్రహంతో కూడా అదే మాట చెప్పారు, ఆయనకి కూడా తెలియాలన్నట్టు.

ఆపరేషన్‌లో మడమ కింద అరచేతిలో సగమంత తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికారు. గజ్జలో గ్రంథులు కూడా తీశారు. వాటిలోకి అప్పటికే దిగి ఉంది. ఎంత వెడల్పు ఉందన్నది కాదు, ఎంత లోతుకి వెళ్ళిందన్నదే దీనిలో ముఖ్యమట. ఆవిడది లోతుకి వెళ్ళింది. డాక్టరమ్మ ఏమీ దాచలేదు, భయపెట్టనూ లేదు. పిన్నిగారు కూడా పదే పదే అడగలేదు. చెప్పులో మడమ వచ్చే చోట స్పాంజి పరిచి, మధ్యలో గుంటగా కత్తిరించుకున్నారు. మునివేళ్ళ మీద బరువు వేసి, గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నారు. కాలు వాచిపోతే బాబాయిగారు రోజూ బిగించి కట్టు కట్టేవారు.

కాన్సర్ అన్న మాట కాలనీలో పాకేసరికి కొందరు రావడం మానేశారు. ఒకావిడ పిన్నిగారి చేతి తాంబూలం తీసుకుని, మెట్ల మీదే వేరే వాళ్ళకి ఇచ్చేసింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పిన్నిగారు మాత్రం, "దాని తప్పేముంది, దానికి తెలియదు. అంటుకునేదైతే ముందు మీ బాబాయిగారికి రావాలి. రోజూ కట్టు కట్టేది ఆయనే," అన్నారు. పెద్దమ్మగారు కూడా రావడం తగ్గించారు. మచ్చని చూసి యోగమన్నది తనేనని ఆవిడకి ఎవరూ గుర్తు చెయ్యలేదు. పిన్నిగారైతే ఆ మాటే ఎత్తలేదు. కంది పచ్చడి చేసినప్పుడల్లా పెద్దమ్మగారికి గిన్నెడు పంపేవారు, అంతే.

మరుసటి ఏడు శ్రావణంలో మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి వచ్చిన ముత్తైదువుల పాదాలకి ఇంటావిడ పసుపు రాయడం మన ఆచారం. చిన్నా పెద్దా చూడరు, వచ్చినవాళ్ళంతా లక్ష్మే. ఆ రోజు పిన్నిగారు చిన్న పీట తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు.

"ఈసారి పసుపు నేను రాస్తానే. నేలమీద కూర్చుంటే లేవలేను గానీ, పీట మీద కూర్చోగలను."

సరేనన్నాను. పసుపు గిన్నె ఆవిడ ముందు పెట్టాను. వచ్చిన మొదటి ఆవిడ కాలు చాపింది. పిన్నిగారు పాదం పైన, చీలమండ చుట్టూ పసుపు రాశారు. తర్వాత రెండు చేతులతో ఆ కాలు ఎత్తి అరికాలు తిప్పి చూశారు. వేళ్ళ మధ్య విడదీసి చూశారు. గోళ్ళు చూశారు. చివర్న అరికాలికి కూడా చెయ్యి నిండా పసుపు రాసి వదిలారు.

"అయ్యో, అరికాలికెందుకు పిన్నిగారూ, నేలంతా అవుతుంది!"

"అయితే అవనీ. చూసిన కాలని గుర్తు. ఇంకో కాలు ఇలా పెట్టు."

కాసేపటికి అసలు సంగతి అందరికీ తెలిసిపోయింది. ఒకామె అరికాల్లో నల్లటి చుక్క చూసి పిన్నిగారు గబగబా తడిగుడ్డతో తుడిస్తే అది రోడ్డు తారు. ఇంకొకామెకి కితకితలు ఎక్కువ, కాలు పట్టుకోగానే కిలకిలా నవ్వుతూ వెనక్కి పడిపోయింది. కూర్చున్నవాళ్ళలో పెద్దమ్మగారు కూడా ఉన్నారు. ఆవిడ వంతు వచ్చింది. కాళ్ళు చీర కిందికి లాక్కున్నారు.

"పేరంటానికి పిలిచి కాళ్ళు ఎత్తి చూడ్డమేమిటే? పశువుల సంతలోలాగా!"

 పిన్నిగారు నెమ్మదిగానే అన్నారు. "పశువుకైతే గిట్ట చూస్తాం అక్కయ్యగారూ. మన గిట్ట ఎవరు చూస్తారు?"

పెద్దమ్మగారు కాళ్ళు ఇవ్వలేదు. బొట్టు పెట్టించుకుని, తాంబూలం తీసుకుని వెళ్ళిపోయారు. పిన్నిగారు చిన్నబుచ్చుకోలేదు. తర్వాతి కాలు అందుకున్నారు.

ఆ కాలు మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయిది. కరీంనగర్ వైపు పిల్ల. భర్తది గుడ్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళయి రెండేళ్ళు. కుడి కాలు తిప్పి చూపించింది. ఎడమ కాలు ఇమ్మంటే వెనక్కి పెట్టుకుంది.

"వద్దాంటీ, నాకు గిలిగింతలైతయ్."

"ఇందాక ఆ కాలికి కాలేదుగా. ఇలా ఇవ్వు తల్లీ."

మునివేళ్ళ కింద, అరికాలి ఉబ్బెత్తు మీద మచ్చ. శనగబద్దంత. ఒక పక్క అంచు తిన్నగా ఉంది. రెండో పక్క పాకింది. పిన్నిగారు చాలాసేపు చూశారు. బొటనవేలితో దాని అంచు వెంట రాసి చూశారు.

"ఇది చిన్నప్పటి నుంచీ ఉందా?"

"ఆ, సిన్నప్పటిసంది ఉన్నది. అదృష్టం మచ్చ ఆంటీ. మా అత్తమ్మ ఇది జూసే నన్ను కోడలిగ జేసుకున్నది. ఆయనకు సింగపూర్ ప్రాజెక్ట్ వచ్చేటట్టున్నది, అంత ఈ మచ్చ తోనే అంటది."

"చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉందా?"

అమ్మాయి తన అరికాలు తనే వంగి చూసుకుంది. "ఈ నడుమ కొంచెం పక్కకు పాకింది," అంది చివరికి, చిన్న గొంతుతో.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను."

"వద్దాంటీ. ఇది దీయించుకోమంటరు. సింగపూర్ పోయే ముంగట మచ్చ దీయిస్తే అత్తమ్మ ఊకుంటదా? రేపు అది రాకుంటే నావల్లనే అంటది."

పిన్నిగారు పీట మీద నుంచి లేచి, గోడ పట్టుకుని, తన ఎడమ చెప్పు విప్పారు. ఆ మడమ అంతవరకు బయటివాళ్ళెవరికీ చూపించలేదు. పిల్ల ముందు కాలు పెట్టారు.

"నా మచ్చ కూడా అదృష్టం మచ్చేనే. నన్ను బదరీ తీసుకెళ్ళింది. అబద్ధం చెప్పను, నిజంగా తీసుకెళ్ళింది. తిరుగు ఛార్జీగా ఈ మడమ తీసుకుంది. నీది నాలాంటిదే అని నేననను, నాకు తెలియదు. తెలిసినావిడ ఉంది, ఆవిడకి చూపిద్దాం. అత్తగారికి నేను చెప్తాను, నంబరియ్యి."

ఆ మధ్యాహ్నమే మా ఫోన్లో అత్తమ్మతో మాట్లాడారు. నేను పక్కనే ఉన్నాను. ముందు అటునుంచి గొంతు పెద్దగా వినబడింది. పిన్నిగారు మధ్యలో అడ్డు రాలేదు. ఆవిడ ఆగాక అన్నారు.

"వదినా, మచ్చ తీస్తే యోగం పోతుందనే కదా మీ భయం? యోగం అరికాల్లో ఉండదు. నా అరికాల్లో మచ్చ తీసేసి ఏడాది దాటింది. అయినా నేను వెళ్ళాల్సిన చోటికి వెళ్తూనే ఉన్నాను."

అటునుంచి ఏం జవాబు వచ్చిందో నాకు తెలియదు.  ఫోను పెట్టేసి, "తీసుకెళ్ళమంది," అన్నారు. నేను మాత్రం ఆ ఆఖరి మాట దగ్గరే ఆగిపోయాను. అప్పటికి వారం ముందే ఆవిడకి ఊపిరితిత్తుల ఫోటోలు తీశారు. రోగం అక్కడికీ పాకిందని బాబాయిగారు నాకు చెప్పారు. ఆవిడకీ తెలుసన్న సంగతి ఆ మాటతో తెలిసింది.

ఆటోలో పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్ళాం. డాక్టరమ్మ మచ్చ చూసి, పూర్తిగా తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చేదాకా ఆ అమ్మాయి రోజూ సాయంత్రం పిన్నిగారింటికి వెళ్ళి కూర్చునేది. పిన్నిగారు ఆమెకి గుమ్మడి వడియాలు పెట్టడం నేర్పారు. ధైర్యం చెప్పడం ఆవిడకి చేతకాదు. పని చెప్పడం వచ్చు.

ఫలితం చూసి డాక్టరమ్మ అంది. "ఇది కాన్సర్ కాదు. అలాగని వదిలెయ్యాల్సిన మచ్చా కాదు. కణాలు దారి తప్పడం మొదలుపెట్టాయి. చుట్టూ ఇంకాస్త తీసేస్తాను, చాలు. తర్వాత అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలి."

అమ్మాయి ఏడ్చేసింది. పిన్నిగారు పర్సులోంచి కలకండ ముక్క తీసి ఆమె నోట్లో పెట్టారు. డాక్టరమ్మకీ ఒకటి ఇచ్చారు. బయటికొచ్చాక నాతో, "ఒకవేళ అది ఉత్త మచ్చే అయుంటే నన్ను తిట్టుకునేది. తిట్టుకోనీ అనే అనుకున్నాను," అన్నారు.

ఆ తర్వాత చలికాలంలో దగ్గు మొదలైంది. డాబా ఎక్కలేకపోయేవారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎండలో కూర్చునేవారు. వేపచెట్టు మీద రామచిలకలు వాలితే లోపలున్న బాబాయిగారిని పిలిచి చూపించేవారు. నొప్పులు ఎక్కువైన రోజుల్లో విష్ణు సహస్రనామం నన్ను చదవమని, తను కళ్ళు మూసుకుని వినేవారు. ఓ రోజు చదవడం అయ్యాక అడిగాను, మా పిన్నిగారికే ఎందుకు రావాలి అని నాకు దేవుడి మీద కోపంగా ఉందని. ఆవిడ నవ్వారు.

"ఆయనని ఎందుకంటావే? ఆయన మచ్చ ఎక్కడ పెట్టాడో అక్కడే పెట్టాడు. దాచలేదు. కళ్ళు కూడా ఇచ్చాడు. కళ్ళు ఉన్నది గుళ్ళో మూసుకోడానికే అనుకున్నాం మనం."

పెద్దమ్మగారు ఒకసారి వచ్చారు. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు.

ఆషాఢంలో ఆవిడ వెళ్ళిపోయారు. పదకొండో రోజూ పన్నెండో రోజూ అయ్యాయి. శ్రావణం వచ్చేసింది. ఈ ఏడు వ్రతం ఎలాగూ చెయ్యాలి కాబట్టి చేద్దామనుకున్నాను. చేతులు ఆడలేదు. బాబాయిగారు వచ్చి ఒక సంచీ ఇచ్చి వెళ్ళారు. తీసి చూస్తే ఆ చిన్న పీట.

పీట గుమ్మం దగ్గర వేసుకుని కూర్చున్నాను. ముందుగా వచ్చింది పెద్దమ్మగారు. కుర్చీలో కూర్చుని, చీర కాస్త పైకి జరుపుకుని, రెండు కాళ్ళూ నా ముందు పెట్టారు.

"ఊఁ, చూడు. నా గిట్టలు కూడా చూడు," అన్నారు.  నేను తల వంచుకుని చూశాను. ఆనెకాయలు తప్ప ఏమీ లేవు. పైనా కిందా పసుపు రాసి వదిలాను.

తర్వాత మిగతావాళ్ళు వచ్చారు. ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. పీట దగ్గరికి రాగానే కాలు ఎత్తి అరికాలు చూపిస్తున్నారు. పై వాటా అమ్మాయి చివర్న వచ్చింది. సింగపూర్ సంగతి అడిగాను.

"ఇంక రాలేదాంటీ. మొన్న అత్తమ్మ ఫోన్ జేసి, రాకుంటే మానె, కాలు మంచిగున్నదా బిడ్డా అని అడిగింది," అని నవ్వి, ఎడమ పాదం తనే తిప్పి పెట్టింది. మచ్చ ఉన్నచోట చిన్న గుంట, చుట్టూ మెత్తని గీత. మానిపోయింది. దాని మీద కూడా పసుపు రాశాను.

వాయనాలు తీసుకుని అందరూ వెళ్ళిపోయారు. నేల తుడుద్దామని తడిగుడ్డ తెచ్చుకున్నాను. గది నిండా పసుపు అడుగులు. పోయిన ఏడు చివర్న నేను పసుపు రాస్తే, వీటి మధ్య పిన్నిగారి అడుగులు కూడా పడ్డాయి. ఎడమవైపు వేళ్ళు పడి, మడమ పడని అడుగులు. ఈసారి అవి లేవు. వాటి కోసం చూస్తూ గుమ్మం దాకా వెళ్ళాను. గుమ్మం దాటి మెట్ల మీద, పై వాటాకి వెళ్ళే వైపు, చిన్న పాదాల జాడ ఒకటి కనబడింది. ప్రతి ఎడమ అడుగులోనూ మునివేళ్ళ కింద, ఆ గుంట నేలకి ఆనని చోట, పసుపు మధ్యలో శనగబద్దంత ఖాళీ. మొదటి మెట్టు మీద ఉంది, రెండో మెట్టు మీద ఉంది, మలుపు తిరిగి పైకి వెళ్ళింది.

గుడ్డ బకెట్లో వేసేశాను. ఆ రోజు నేల తుడవలేదు.